బోర్డు మీద మూడో పంక్తి

గనిలో మొదటి షిఫ్టు గంటసేపు ఆగినందుకు నాకు చార్జిషీటు ఇచ్చారు. ఆ షిఫ్టును నేను ఆపలేదు. నేను రాసినదాంట్లో అబద్ధం ఒక్క ముక్క లేదు. అయినా నా సర్వీసు రికార్డులో "వదంతులు వ్యాపింపజేసిన వ్యక్తి" అని రాసి, కింద నా చేతే సంతకం పెట్టించుకున్నారు.

ఇది కరోనా తగ్గిన మరుసటి ఏడు, వానాకాలం నాటి సంగతి. అప్పుడు నేను నస్పూర్ దగ్గర ఒక భూగర్భ గనిలో మైనింగ్ సర్దారుగా ఉన్నాను. విరమణ దగ్గర పడింది. సర్దారు అంటే ఏమిటో బొగ్గు ప్రాంతం బయటివారికి కొంచెం చెప్పాలి. గనిలో పని జరిగే చోటును భాగాలు చేసి ఒక్కో భాగాన్ని ఒక్కో సర్దారుకు అప్పగిస్తారు. కార్మికులకంటే ముందు అతను పనిచోటికి వెళతాడు. కర్రతో పైకప్పును తట్టి చూస్తాడు. ఖంగుమంటే బండ గట్టిగా ఉన్నట్టు, డొల్లగా మోగితే వదులైనట్టు. మీటరుతో గ్యాసు చూస్తాడు. అన్నీ సరిగా ఉన్నాయని అతను చెప్పాకనే మనుషులు ముందుకు వస్తారు. అతని పైన ఓవర్‌మన్, ఆ పైన అండర్ మేనేజరు, ఆ పైన మేనేజరు. చిన్న హోదాయే. కానీ "ఇక్కడ పని వద్దు" అని చెప్పే హక్కు ఆ హోదాకు చట్టమే ఇచ్చింది.

నేను ఏడో తరగతితో బడి మానినవాణ్ని. మా బాపు సాంచెల మీద బట్ట నేసేవాడు. నేను బదిలీ ఫిల్లరుగా, అంటే ఎవరైనా రాని రోజున వాళ్లకు బదులు టబ్బుల్లో బొగ్గు నింపేవాడిగా చేరాను. సర్దారు పరీక్షకు ఎవరూ చెప్పకుండా చదివి నెగ్గాను. అందుకే "నీకేం తెలుసు" అనే మాట నా దగ్గర ఎవరైనా అంటే ఇప్పటికీ ఊరుకోను.

ఫోను చేతికొచ్చిన కొత్తలో నాకు అందులో దొరికింది చెత్తే. నిమ్మకాయతో పోయే రోగాలు, రేపు రాబోయే భూకంపాలు, ఎవరో శాస్త్రవేత్త చెప్పాడంటూ పేరు లేని శాస్త్రవేత్తలు. విసుగొచ్చి మూసేద్దామనుకుంటున్నప్పుడు ఆదిలాబాదులో ఉండే మా మేనకోడలు ఒక పేజీ లింకు పంపింది. ఆ పేజీ పేరు "ఏరినవి". రాసేది ఎస్తేరు అనే ఆమె. మెథడిస్టు చర్చికి పోయే కుటుంబం. ఆదిలాబాదులోనే ఒక జిన్నింగ్ మిల్లులో, అంటే పత్తి నుంచి గింజలు తీసే మిల్లులో, పత్తి నాణ్యత చూసే పని చేస్తుంది. శనివారం శనివారం ఇంటర్నెట్‌లో తనకు కనిపించిన మంచి సంగతులను తెలుగులో పెట్టేది. కొత్త యంత్రాలు, సైన్సు, ఫోన్ల లోకంలో జరిగే మాయలు. టెలిఫోను కోసం వేసిన గాజు తీగతో నేల కదలికను పసిగట్టవచ్చని నేను మొదట చదివింది అక్కడే. వాట్సాపులో రెండు బాణాల గుర్తు ఉంటే ఆ మెసేజీ చాలా చేతులు మారి వచ్చిందని అర్థమని తెలిసిందీ అక్కడే.

నన్ను పట్టేసింది సంగతులకంటే ఆమె రాసే తీరు. ఏ సంగతికైనా మూడే పంక్తులు. మొదటిది, విషయం ఏమిటి. రెండోది, చెప్పింది ఎవరు, వాళ్లకు అందులో లాభం ఉందా. మూడోది, ఇంకా తెలియనిది ఏమిటి. తప్పు రాస్తే మరుసటి శనివారం ఆ తప్పును అన్నిటికంటే పైన పెట్టేది. ఒకసారి ఫోను చేసి, ఈ మూడు పంక్తుల పద్ధతి ఎక్కడ నేర్చావమ్మా అని అడిగాను.

"ఎక్కడ నేర్సుడు కాకా, మిల్లుల రోజు జేసేదే గదా," అన్నది. "పత్తి బేలు వస్తే పైన, నడుమ, అడుగున, మూడు జాగలల్ల పీకి జూస్తం. పైన తెల్లగ మెరిసేది పెట్టి అడుగున చెత్త కుక్కేటోళ్లు ఉంటరు. పైపైన జూసి కొన్నోడు మునిగిండన్నట్టే."

నా ఉద్యోగ జీవితంలో చాలామంది ఇంజనీర్ల ఉపన్యాసాలు విన్నాను. సమాచారం గురించి ఇంత చక్కగా చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు. ఈ మాట ఎవరికి కోపం వచ్చినా అంటాను.

మా గనిలోకి ఫోన్లు తీసుకుపోకూడదు. గ్యాసు ఉన్నచోట చిన్న నిప్పురవ్వ చాలు. అందుకని అందరూ ల్యాంప్ రూములో, అంటే తలకు పెట్టుకునే లైటు తీసుకునే గదిలో, ఫోన్లు వదిలి దిగుతారు. ఆ గదికి పోయే దారిలో గోడకు ఒక నల్లబోర్డు ఉండేది. దాని మూలన రోజుకో భద్రతా సూక్తి రాయమని అప్పటి అండర్ మేనేజరు నాకు నోటిమాటగా చెప్పాడు. "టోపీ ధరించండి" అని ఎన్నాళ్లు రాస్తాం? సూక్తి కింద ఎస్తేరు పేజీలో నుంచి ఒక సంగతి, ఆ మూడు పంక్తులతో సహా, రాయడం మొదలుపెట్టాను. ఆయన చూసి నవ్వి ఊరుకున్నాడు. తర్వాత బదిలీ అయ్యాడు.

ఆ రాతలు గనిలోకి మనుషుల నోళ్లలో దిగేవి. టిఫిన్ వేళ డబ్బాలు విప్పి అదే చర్చ. లోడింగ్ యంత్రం నడిపే కనకయ్య, మా గని యూనియన్ కార్యదర్శి కూడా అతనే, మాటకారి.

"గాజు తీగెకు నేల కదిలేది ఎరుకైతదట. మా ఓవర్‌మన్‌కు ముంగట మనిషి కాలిరిగినా ఎరుక కాదు," అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. ఓవర్‌మన్ కూడా నవ్వేవాడు.

ఇలా నడుస్తున్న రోజుల్లో ఒకనాడు నేను రాసిన సంగతి ఇది:

"మనిషి దిగకుండా, పైన గదిలో కూర్చుని బొగ్గు కోసే యంత్రాన్ని నడుపుతున్నారు. చెప్పింది విదేశంలో ఆ యంత్రం చేసి అమ్మే కంపెనీ. మన దగ్గరి గనుల్లో ఇది పనిచేస్తుందో లేదో ఎవరూ చూడలేదు."

కనకయ్య షిఫ్టు దిగి ఇంటికి పోతూ దాన్ని ఫోటో తీసుకున్నాడు. మొదటి పంక్తి మాత్రం కనిపించేలా కత్తిరించి యూనియన్ గ్రూపులో పెట్టాడు. అక్కడి నుంచి ఆ ఫోటో నస్పూర్ అంతా తిరిగింది. దారిలో ఎవరో "రేపటి నుంచి మనుషులు అవసరం లేదు" అని కింద తగిలించారు. తెల్లారేసరికి దానికి రెండు బాణాలు వచ్చాయి.

ఎవరో పంపిన మెసేజీ అయితే మావాళ్లు నమ్మేవాళ్లు కాదు. ఫోటోలో ఉన్నది మా బోర్డు. ఆ బోర్డు మీద సుద్దతో రాసినది ఏదైనా మేనేజరు ఆజ్ఞ అనేది గనిలో పుట్టి పెరిగిన నమ్మకం. దానికి కారణం ఉంది, నాకు గుర్తుంది. లోడింగ్ యంత్రాలు వచ్చిన ఏడు, టబ్బులు నింపే ఫిల్లర్లను వేరే గనులకు పంపేస్తున్నామని మాకు ఎవరూ పిలిచి చెప్పలేదు. పొద్దున వచ్చేసరికి ఆ బోర్డు మీద పేర్లు ఉన్నాయి. పేరు చూసుకుని మనుషులు అక్కడే కూలబడ్డారు. అలాంటి బోర్డు మీద "మనిషి దిగకుండా" అని కనిపిస్తే ఎవరు విశేషం అనుకుంటారు?

మరునాడు మొదటి షిఫ్టువాళ్లు ల్యాంప్ రూము ముందు నిలబడ్డారు. ఎవరూ లైటు తీసుకోలేదు. నేను పోతే పైకప్పుకు ఆసరాగా కర్ర దిమ్మెలు పెట్టే ముసలి పోశన్న అడిగాడు.

"రాజలింగం, మమ్ములను ఎటు తోలుతున్నరు?"

"ఎవడు జెప్పిండు నీకు?"

"ఎవడో ఎందుకు. నువ్వే రాసినవట గదా."

నేను బోర్డు దగ్గరికి పరుగెత్తాను. పొద్దుటి డ్యూటీల వివరం రాయడానికి బోర్డు అంతా తుడిచేశారు. నా మూడు పంక్తులు లేవు. ఉన్నది అందరి ఫోన్లలోని ఆ సగం ఫోటోనే. మేనేజరు వచ్చి, అటువంటి ఆదేశం లేదని నచ్చజెప్పి మనుషులను దింపేసరికి గంట గడిచింది. ఆ సాయంత్రమే నా చేతికి చార్జిషీటు వచ్చింది. అనుమతి లేకుండా బోర్డు వాడినందుకు, వదంతులు వ్యాపింపజేసినందుకు.

విచారణ అంటే కోర్టు లాంటిదే. వేరే గని నుంచి ఒక అధికారి వస్తాడు. మన మాట, సాక్షుల మాట రాసుకుంటాడు. నేను ఎస్తేరు పేజీని ఫోనులో చూపించాను. మూడు పంక్తులూ, తేదీతో సహా ఉన్నాయి. ఆయన చూడకుండానే, ఇంటర్నెట్‌లో ఎవరైనా ఏదైనా రాసుకోవచ్చు అన్నాడు. సరే, ఈ పద్ధతి ఫలానా ఎస్తేరుది, ఆమె పేరైనా నా వాంగ్మూలంలో రాయండి అన్నాను.

"పత్తి మిల్లు ఆమె పేరు గని విచారణలో దేనికయ్యా?" అని కలం మూసేశాడు.

ఇప్పటికీ నాకు మండేది ఆ మాటకే. దొంగిలించిన ఇనుము ఎవరిదో రాసుకుంటారు. మంచి పద్ధతి ఎవరిదో రాసుకోరు.

కేసు నా మీదే కూర్చునేది, కనకయ్య లేవకపోతే. ఎవరూ అతన్ని పిలవలేదు. ఫోటో తీసింది అతనని నేను చెప్పలేదు కూడా. అతనే తలుపు తోసుకుని వచ్చి ఫోను బల్ల మీద పెట్టాడు.

"సార్, పూర ఫోటో నా ఫోన్ల ఉన్నది, జూస్కోండ్రి. కింది రెండు లైన్లు కోసింది నేను. అక్షరాలు పెద్దగ అవుపడాలె అని కోసిన. రేపటిసంది మనుషులు వద్దు అన్నది నేను రాయలే, అది ఎవడు తగిలిచ్చిండో తెల్వది. సర్దారు రాసిన దాంట్ల తప్పు లేదు. ఏమన్నుంటే నాకియ్యిండ్రి కాయితం."

యూనియన్ పదవిలో ఉన్నవాడు తన పొరపాటును అధికారి ముందు ఇంత సూటిగా ఒప్పుకోవడం నేను అంతకుముందు చూడలేదు. బయటికి వచ్చాక, ఎందుకు వచ్చినవురా అంటే, "నీ పేరు మీద బండ పడుతుంటే నేను పక్కకు జరిగి నిలబడాల్నా, అన్నా?" అన్నాడు.

ఇద్దరికీ హెచ్చరికతో సరిపెట్టారు. బోర్డు మీద నేను ఇక రాయకూడదన్నారు. "వదంతులు వ్యాపింపజేసిన వ్యక్తి" అనే మాట మాత్రం నా రికార్డులో నుంచి తీయలేదు. షిఫ్టు ఆగింది గనుక వదంతి వ్యాపించినట్టే అన్నారు.

నేను ఎస్తేరుకు ఫోను చేసి జరిగిందంతా చెప్పాను. ఆ శనివారం ఆమె పేజీలో అన్నిటికంటే పైన ఒక గమనిక వచ్చింది. ఒక గనిలో తన రాత వల్ల మనుషులు భయపడ్డారని, తెలియని విషయాన్ని అడుగున పెట్టడం తన లోపమని, ఇకనుంచి "ఇంకా తెలియనిది" మొదటి పంక్తిగా ఉంటుందని రాసింది. నేను ఒప్పుకోలేదు. తప్పు నీది కాదు గదమ్మా, కోసినవాడు వేరు, తగిలించినవాడు వేరు అన్నాను.

"కోసేటోళ్లు కోస్తనే ఉంటరు కాకా," అన్నది. "ఎవడు కోసినా పై ముక్క మిగులుతది. ఆ పై ముక్కల నేనేం పెడుతున్ననో నేను జూసుకోవాలె గదా."

అప్పటి నుంచి ఆ పేజీలో ఏ సంగతిని మధ్యకు కోసి పంపినా, చదివేవాడికి ముందు అందేది జాగ్రత్తే. పెద్ద పెద్ద కంపెనీలు ఎందరో ఇంజనీర్లతో బాణాల గుర్తులు కనిపెట్టాయి. ఆదిలాబాదులో పత్తి చూసే ఆమె పంక్తుల వరస మార్చి వాటికంటే మెరుగైన పని చేసింది.

విరమణ తర్వాత నేను ఊరుకోలేదు. ఆఫీసుకు అర్జీలు పెడుతూనే ఉన్నాను. అడిగినవి రెండే. ఆ మాట నా రికార్డులోంచి కొట్టేయండి. గని బోర్డుకు ఎస్తేరు పద్ధతి పెట్టండి. ప్రతి అర్జీలోనూ ఆమె పేరు, ఊరు రాశాను. నస్పూర్ బజారులో కలిసినప్పుడల్లా కనకయ్య, "ఏందన్నా, ఇంక బదులు రాలే? నీ అర్జీల మీద రెండు బాణాలు పడ్డట్టున్నయ్," అనేవాడు.

ఈ ఉదంతం నాకు నేర్పింది ఇది. పైకప్పును ఒక్కచోట తట్టి గని బాగుందని చెప్పే సర్దారును ఉద్యోగంలోంచి తీసేస్తారు. ఫోనులో వచ్చినదాన్ని కూడా మూడు చోట్ల తట్టి చూడాలి. నలుగురికి పంపేవాడు, ఏ ముక్క కోసినా మిగిలేది ఏమిటో ముందే చూసుకోవాలి.

చివరికి ఈ ఏడు ఎండాకాలంలో ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"తమ అర్జీలు పరిశీలించడమైనది. తమ సర్వీసు రికార్డు నుండి 'వదంతులు వ్యాపింపజేసిన వ్యక్తి' అను మాటలు తొలగించడమైనది. ఇకపై గని బోర్డుపై రాయు ప్రతి సమాచారమునకు ఇంకా తెలియనిది ఏమి, చెప్పినది ఎవరు, విషయమేమి అను మూడు పంక్తులు అదే వరుసలో రాయవలెనని సిబ్బందిని ఆదేశించడమైనది. సదరు పద్ధతి ఎవరిదో విచారణ కాగితములలో నమోదు కాలేదు. వారి పేరు, ఊరు తమకు తెలిసినచో తెలుపగలరు."