ఐసు దిమ్మ అడుగున పాచి

దెయ్యం ఉందంటే చూపించమని అడిగే రకం నేను. ఈ విషయంలో మా చర్చి పాస్టరు గారితో కూడా వాదించాను. ఇప్పటికీ వాదిస్తాను. కాబట్టి ఇది దెయ్యం కథ అనుకోకండి.

ఎనభైల్లో పర్చూరు దగ్గర ఒక ఐసు ఫ్యాక్టరీలో డబ్బాలు కడగడం నా పని. పొడవాటి రేకు డబ్బాల్లో బావినీళ్లు పోసి, యంత్రం చల్లబరిచే ఉప్పునీళ్ల తొట్టిలో దించి, చెక్క మూత వేస్తాం. మర్నాటికి దిమ్మ కడుతుంది. నా చదువు ఏడో తరగతితో ఆగింది. అయినా పని దిగగానే గ్రంథాలయానికి వెళ్లేవాణ్ని. అక్కడున్న విజ్ఞాన పత్రికలన్నీ చదివాను.

ఒకదాంట్లో ఉత్తర ధ్రువం గురించి ఉంది. అక్కడ సముద్రం మీద తేలే మంచు అడుగున గోధుమరంగు పాచి పెరుగుతుందట. దాన్ని చిన్న పురుగులు, వాటిని చేపలు, చేపల్ని సీళ్లు, సీళ్లను తెల్ల ఎలుగుబంట్లు తిని బతుకుతాయి. భూమి వేడెక్కి మంచు పలచబడితే ఈ వరసంతా కూలిపోతుంది. అందుకే మంచు కొలిచేవాళ్లు, చేపల సంగతి తెలిసినవాళ్లు, గాలిని పరీక్షించేవాళ్లు ఒకే గుడారంలో ఉండి పనిచేస్తారట.

ఇది చెబితే మేస్త్రీ కోటయ్య గారు పగలబడి నవ్వారు.

"ఒరేయ్ దాసూ, మన దిమ్మకి పాచి పడితే షావుకారు నీ తోలు తీస్తాడు. అక్కడ దాని మీద ఎలుగుబంట్లు బతుకుతున్నాయా?"

వారం తిరక్కుండానే, పట్టపగలు, పైకి తీసిన ఒక దిమ్మ అడుగున బెత్తెడు మందాన గోధుమరంగు పాచి. సముద్రపు వాసన.

"డబ్బా కడగలేదేంరా?" అన్నారు మేస్త్రీ గారు.

"కడిగానండి. మీ కళ్లముందే కడిగా."

"రేపూ ఇట్టాగే వస్తే ఇంటికెళ్లి పుస్తకాలు చదువుకుందువుగాని."

ఆ డబ్బాను మేస్త్రీ గారే పీచుతో తోమారు. నీళ్లు నింపి పొడి నేల మీద గంటసేపు నిలబెట్టారు. బొట్టు కారలేదు. తొట్టిలో దించి, మూతకు తాడు బిగించి, ముడి తనే వేశారు.

మర్నాడు మధ్యాహ్నం ఆ ముడి తనే విప్పారు. మళ్లీ అదే పాచి.

నేను గోరుతో గీకి చూశాను. జిగటగా ఉంది. ఉప్పునీళ్లు లోపలికి దిగి ఉంటే దిమ్మ మెత్తబడాలి. అది రాయిలా ఉంది. పాచికి వెలుతురు కావాలి. మూత కింద అంతా చీకటే.

షావుకారు వచ్చాడు. "దాసు తప్పేం లేదండి, నిన్న తోమింది నేనే" అన్నారు మేస్త్రీ గారు.

"అయితే ఇద్దరూ కలిసి కడగలేదన్నమాట" అన్నాడు షావుకారు.

మేస్త్రీ లేకపోతే యంత్రం నడవదు. నేను లేకపోయినా నడుస్తుంది. సాయంత్రానికి నన్ను పనిలోంచి మానిపించాడు. ఆ డబ్బాను పాత ఇనుముకి వేసేశాడు.

ఆ తర్వాత ఎన్నో పుస్తకాలు తిరగేశాను. చీకట్లో, బావినీళ్లలో, ఒక్క రోజులో ఆ పాచి ఎలా పట్టిందో ఏ పుస్తకమూ చెప్పలేదు. నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి సిగ్గుపడను. డబ్బా కడగలేదంటే మాత్రం ఇవాళ్టికీ ఒప్పుకోను.