బోర్డక్క మళ్లీ నిచ్చెన ఎక్కే తేదీ

బోర్డక్క మొదటి గెలుపు ఒక మందుల దుకాణం షట్టరు. బోర్డు కాదు, షట్టరే. మడతలు మడతలుగా పైకి చుట్టుకుపోయే ఆ రేకు మీద అక్షరాలు నిలవవని ముగ్గురు పెయింటర్లు చేతులెత్తేసి వెళ్లిపోయారు. అప్పటికి ఆమెకు పంతొమ్మిదేళ్లు. చేతిలో ఉన్నది అరువు కుంచె. రాసింది, చెరిపింది. మళ్లీ రాసింది, మళ్లీ చెరిపింది. మూడోసారి ప్రతి గీతనూ మడత లోపలికంటా లాగి రాసింది. దుకాణదారు రోడ్డుకు అవతల నిలబడి, షట్టరు దింపించి చదివాడు. "నీ అసాధ్యం కూలా! కుదిరిందే!" అన్నాడు.

ఇక అక్కడి నుంచి ఆమె ఆగింది లేదు. పళ్ల మార్కెట్టు కమాను రాసింది. ఇటుకల ఫ్యాక్టరీ పొగగొట్టం మీద, నడుముకు తాడు కట్టుకుని వేలాడుతూ రాసింది. ఫ్లెక్సులొచ్చి తోటి పెయింటర్ల కుంచెలన్నీ అటకెక్కిన రోజుల్లో కూడా ఆమె కుంచె తడారలేదు. కవల ఆడపిల్లల్ని కని, ఇద్దరికీ పాలిచ్చి, ఇద్దర్నీ కాలేజీ దాకా తెచ్చింది. ఆమె అసలు పేరు ఇంట్లోవాళ్లకు కూడా గుర్తు చేసుకుంటే తప్ప తట్టదు. అందరికీ బోర్డక్కే.

అలాంటి మనిషి నలభై రెండో ఏట తన కోసమని ఒక పని చేయించుకుంది. పిల్లల పాలప్పుడు సాగి, తర్వాత ఒళ్లు తగ్గి ఇంకా జారిపోయిన రొమ్ముల్ని పైకెత్తి నిలబెట్టే ఆపరేషన్ అది. ఆ మాట చెప్పగానే అత్తగారు కళ్లద్దాలు తీసి కోడలి వైపు చూసింది.

"ఎవరికి చూపించడానికే తల్లీ?"

"నాకే అత్తయ్యా. రోజూ అద్దంలో చూసుకునేది నేనేగా."

"అయితే చేయించుకో. నీ వయసులో నాకా తెలివి లేకపోయింది."

ఆపరేషన్ సాఫీగా జరిగింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. బిగుతైన బాడీ రాత్రీ పగలూ వేసుకునే ఉండాలి. తల కింద దిండ్లు ఎత్తుగా పెట్టుకుని వెల్లకిలా పడుకోవాలి. బరువులెత్తకూడదు. తను చెప్పేదాకా చేతులు భుజం దాటి లేవకూడదు. బోర్డక్కకు మిగతావన్నీ ఒక ఎత్తు, ఆ ఆఖరిది ఒక్కటీ ఒక ఎత్తు. చేయి పైకెత్తకుండా ఆమె బతికిన రోజే లేదు. తల దువ్వడం కూడా అత్తగారి వంతయింది.

పక్కింటావిడ పళ్లు పట్టుకుని పలకరించడానికి వచ్చింది. "ఏం ఆపరేషనమ్మా? కడుపులో రాళ్లా?"

"కాదు పిన్నిగారూ. రొమ్ములు పైకెత్తించుకున్నాను."

ఆవిడకు పొలమారింది. మంచినీళ్లు తాగింది, ఎండల గురించి మాట్లాడింది. గుమ్మం దాకా వెళ్లి, వెనక్కొచ్చి గొంతు తగ్గించింది. "నొప్పి బాగా ఉంటుందా? ఆ డాక్టరమ్మ ఎక్కడుంటుందన్నావ్?"

అంతా బాగానే ఉంది గానీ, ఒక గోడ ఆమెను నిద్రపోనివ్వలేదు. బస్సు డిపో ముందు గోడ అది. రెండంతస్తుల ఎత్తున డిపో పేరు రాయాలి. మేనేజరు ఆ పని ఆమెకే ఇస్తానన్నాడు. కానీ తేదీ చెప్పమన్నాడు. ఆలోగా ఫ్లెక్సుల కుర్రాడు డిపో చుట్టూ ప్రదక్షిణలు చేస్తున్నాడని కబురు. ఆ గోడ కూడా ఫ్లెక్సు కిందికి పోతే ఇక ఊళ్లో పెద్ద గోడంటూ మిగలదు.

కట్లు తీశాక ఆమె అద్దం ముందు నిలబడింది. కళ్లతో చూసి ఊరుకునే మనిషైతే గొడవ లేకపోను. గోడ మీద గీత కొట్టే సుద్ద దారం తెప్పించి, భర్తను వెనక నిలబెట్టి, దారం రెండు కొసలూ చెరో చేతా లాగి పట్టుకోమంది. ఆమె బోర్డులకు ఇనప ఫ్రేములు చేసే వెల్డరు ఆయన.

"కదలకు. చూడు, ఎడమది వేలెడు కిందికుంది."

"నాకేం తేడా తెలీడం లేదే."

"నువ్వు ఫ్రేము వంకరగా అతికినప్పుడు కూడా ఇదే మాటంటావు!"

అప్పటిదాకా చెక్కుచెదరని మనిషి మంచం మీద కూలబడింది. పని చెడింది, మళ్లీ కోయాలి, మళ్లీ మొదటి నుంచీ పడుకోవాలి, అనుకుంది. భర్త వద్దంటున్నా వినకుండా మేనేజరుకు ఫోన్ చేసింది. "సార్, నేను తేదీ చెప్పలేను. నా కోసం ఆగకండి."

మర్నాడు డాక్టరమ్మ చూసి, నొక్కి, మళ్లీ చూసింది. "కుట్లు చక్కగా మానుతున్నాయి. వాపు ఒక పక్క ముందు తగ్గుతుంది, ఇంకో పక్క మెల్లగా తగ్గుతుంది. అసలు ఆకారం తేలడానికి నెలలు పడుతుంది. మిమ్మల్ని కంగారు పెట్టిందెవరు?"

"దారమండీ," అని జరిగింది చెప్పింది బోర్డక్క.

డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. "మీ దారం తప్పు కాదు. కొలిచిన రోజు తప్పు."

బోర్డక్క నాలుక కరుచుకుంది. "పచ్చి గోడ మీద గీత కొట్టాను! పనిలో కొత్తగా చేరినవాళ్లను నేను తిట్టేదే దీనికి. సరే, నిచ్చెన ఎప్పుడెక్కమంటారు?"

డాక్టరమ్మ క్యాలెండరు చూసి ఒక తేదీ చెప్పింది. అంతకు ఒక్క రోజు ముందు కూడా వద్దంది.

"ఈలోగా బల్ల మీద గీసుకోవచ్చా? మోచేయి ఒంటికి ఆనించే గీస్తాను."

"గీసుకోండి. నొప్పొస్తే ఆపేయండి."

ఇంటికొచ్చిన పూటే భోజనాల బల్ల ఖాళీ అయింది. కాగితాలు అతికించి పెద్ద పెద్ద తానులు చేశారు. బోర్డక్క నిలబడి, చేయి నడుము ఎత్తు దాటకుండా, ఒక్కో అక్షరాన్నీ గోడ మీద ఉండాల్సినంత సైజులో గీసింది. గీతల వెంట సూదితో చిల్లులు పొడిచే పని అత్తగారు తీసుకుంది. ఆ కాగితం గోడకు ఆనించి సుద్దపొడి మూటతో అద్దితే చాలు, అక్షరం రూపు గోడ మీద దిగిపోతుంది. "చూపు ఆనదంటూనే ఎంత తిన్నగా పొడిచానో చూశావా?" అని అత్తగారు పక్కింటావిడ దగ్గర గొప్పలు పోయింది.

వెల్డరు ఆ చుట్టల్ని డిపోకు మోశాడు. బోర్డక్కా ఆయనా వెళ్లేసరికి ఫ్లెక్సుల కుర్రాడు టేపుతో గోడ కొలుస్తున్నాడు.

"అక్కా, నువ్వు రెస్టు తీసుకో. నేను మధ్యాహ్నానికల్లా కట్టేస్తా."

"కట్టేస్తావు తమ్ముడూ. గాలొస్తే సాయంత్రానికల్లా ఊడొస్తుంది కూడా."

బస్సులు నిలిపే చోట కాగితాలు పరిచారు. మేనేజరు మొదటి అక్షరం దగ్గర మొదలుపెట్టి చివరి అక్షరం దాకా నడిచాడు. డ్రైవర్లు దిగి చుట్టూ చేరారు.

"తేదీ చెప్పలేనన్నారుగా?"

"తొందరపడి అన్నాను సార్. పని ఇక్కడుంది, ఎక్కించడమే మిగిలింది."

"వచ్చే వారం అయిపోతుందా మరి?"

అవునంటే గోడ ఆమెదే. అవుననే మాట నోటి చివరి దాకా వచ్చింది. కానీ రొమ్ము కింద కుట్టు చిన్నగా చురుక్కుమంది. బోర్డక్క తల అడ్డంగా ఊపింది.

"వచ్చే వారం కాదు. ఆ మాటిస్తే నా ఒళ్లూ చెడుతుంది, మీ గోడా చెడుతుంది. డాక్టరమ్మ చెప్పిన రోజున ఎక్కుతాను. ఆ రోజు దాటితే ఈ తమ్ముడికే ఇచ్చేయండి, అడగను."

మేనేజరు ఒకసారి కాగితాల వైపు, ఒకసారి గోడ వైపు చూశాడు. ఫ్లెక్సుల కుర్రాణ్ణి టేపు చుట్టేసుకోమన్నాడు. ఆ గోడ ముందు బస్సులు నిలపొద్దని డ్రైవర్లకు అప్పుడే చెప్పేశాడు. బోర్డక్క నిచ్చెన ఎక్కేది మార్చి పద్దెనిమిది, సోమవారం పొద్దున.