డాక్టరుగారి మూలుగులు

డాక్టర్ మదన్‌మోహన్‌కు ఒంట్లో ఏ రోగమూ లేదు. మూలుగులు మాత్రం జహీరాబాద్ బస్టాండు దాకా వినబడతాయి. ఎముకలు విరిగినవాళ్ళకు ఏ పట్టీ బిగించినా, అలాంటిదే ఇంకోటి తనూ బిగించుకుని, రోగి పక్కనే కూలబడి "వామ్మో, పాణం పోతున్నది!" అని మొదలుపెడతాడు.

ఒకసారి మెడపట్టీతోనే చాయ్ తాగడానికి బజారుకెళ్ళాడు. పాపం, డాక్టరు మెడ విరిగిందని కోహీర్ రైతులు బుట్టెడు జామపండ్లు పంపారు. నా మెడ బాగానే ఉందని చెప్పలేదు సరికదా, ఆ పట్టీతోనే అన్నీ తినేశాడు మహానుభావుడు.

కొత్తగా చేరిన నర్సు నజ్మాకు ఇదంతా చూస్తే తల కొట్టేసినట్టుండేది.

"సిస్టర్, గడ్డం కింద కోసుకపోతున్నది!"

"విప్పెయ్యున్రి సార్."

"అట్లెట్ల విప్పుత? ఇంకా మంచిగ ఏడ్వనేలేదు!"

నెత్తి నెరిసిన మనిషి, ఇంత చదువు చదివిన మనిషి! ఈయనకంటే పసిపిల్లలు నయమనుకునేది నజ్మా.

అంతలో న్యాల్‌కల్ నుంచి సిద్దప్ప వచ్చాడు. అల్లం చేను గట్టు మీద జారి చీలమండ విరగ్గొట్టుకున్నాడు. వాపు తగ్గగానే ఆపరేషన్. అప్పటిదాకా కాలు కదలకుండా బెల్టుల బూటు బిగించారు. అది ఒత్తుకుని చర్మం చిట్లిందంటే ఆపరేషన్ వాయిదా పడ్డట్టే. ఇక మంచం దిగేదెప్పుడో, చేను ముఖం చూసేదెప్పుడో! అందుకే నజ్మా పూటపూటకూ వెంటపడేది.

"ఎక్కడన్న ఒత్తుతున్నదా పెద్దయ్యా?"

"ఏం లేదు బిడ్డా. మంచిగనే ఉన్నది."

"జర విప్పి చూస్త."

"ఆడబిడ్డవు, నా కాళ్ళు ముట్టుకుంటవా? నాకు పాపం తగుల్తది!" అని దుప్పటి లాక్కునేవాడు.

సంగతి విన్న మదన్‌మోహన్ అలాంటి బూటే తొడుక్కుని పక్క మంచం మీద పడ్డాడు.

"వామ్మో, పాణం పోతున్నది! నా మడిమె! ఎవడు కనిపెట్టిండురా ఈ బూటు!"

సిద్దప్ప కాసేపు ఓర్చుకున్నాడు. చివరికి రోషం పొడుచుకొచ్చింది.

"గింత దానికే గంత ఏడుపేంది సారూ? నా మడిమె పొద్దుగాల్ల నుంచి నిప్పుల వెట్టినట్టు మండుతున్నది. నేను ఏడుస్తున్ననా?"

మూలుగు ఠక్కున ఆగిపోయింది.

"నజ్మా, విప్పు!"

మడిమె ఎర్రగా కందిపోయి ఉంది. అదృష్టం, ఇంకా చిట్లలేదు. బెల్టులు సడలించి, మడిమె దేనికీ ఆనకుండా మెత్తలు సర్దారు. ఎరుపు తగ్గింది, ఆపరేషన్ అనుకున్న రోజే జరిగింది. అమ్మ దొంగా, అనుకుంది నజ్మా. డాక్టరు కట్టిన కట్టుకు వంక పెట్టలేక నోరు మూసుకునేవాళ్ళ కోసం ఈయన ముందుగా నోరు తెరుస్తున్నాడన్నమాట!

కొన్నాళ్ళకు మదన్‌మోహన్ నిజంగానే స్కూటర్ మీంచి పడ్డాడు. మణికట్టు విరిగింది, కట్టు పడింది. దవాఖాన మొత్తం చెవులు మూసుకోవడానికి సిద్ధమైంది. ఒక్క మూలుగు లేదు!

"ఒత్తుతున్నదా సార్?" అంది నజ్మా.

"ఏం లేదు బిడ్డా. మంచిగనే ఉన్నది."

ముఖం చూస్తే మాడిన రొట్టెలా ఉంది. అప్పుడే కాలు చూపించుకోవడానికొచ్చిన సిద్దప్ప ఇదంతా విన్నాడు. ఊతకర్రలు గోడకానించి, డాక్టరు పక్కనే కూర్చున్నాడు. భుజమ్మీది తువ్వాల తీసి తన మణికట్టుకు బిగించి చుట్టుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"వామ్మో, పాణం పోతున్నది!"

మదన్‌మోహన్ పకపకా నవ్వాడు. నవ్వి నవ్వి, మెల్లగా చెయ్యి నజ్మా ముందుకు చాపాడు.

"బొటనవేలి కాడ జర కోసుకపోతున్నది బిడ్డా."