పొట్ట మీద చుక్కలు

మా అమ్మాయి రుషికొండలో ఓ కంపెనీలో కూర్చుని రోజంతా జనం కడుపుల్లోకి చూస్తుంది. డాక్టరు కాదు, కంప్యూటరు ఇంజినీరు. ఆపరేషన్ల వీడియోల్లో కాలేయం మీద ఓ చుక్క పెడితే, ఆ కండ ఊపిరికి కదిలినా, పరికరం నొక్కినా, చుక్క దాన్నే అంటిపెట్టుకుని ఉండాలి. కంప్యూటరుకి ఆ చూపు నేర్పడమే దాని ఉద్యోగం.

నా పిత్తాశయంలో రాళ్లున్నాయని తేలేదాకా నాకిదంతా గర్వకారణమే. రాళ్లంటే అలాంటిలాంటివి కావు, పోర్టులో ఎక్కిస్తే ఓడ ఒరిగిపోయేటంతవి. స్కానింగు రిపోర్టులో ఆవగింజలని రాశారు. నన్ను భయపెట్టకూడదని కాబోలు.

ఆపరేషన్ ఖాయమయ్యాక ఓ ఆదివారం అమ్మాయి ఇంట్లో పనిచేసుకుంటుంటే వెనకాల నిలబడ్డాను. తెర మీద నున్నటి ఎర్రటి కండ, దాని మీద ఆకుపచ్చ చుక్కలు. కండని కాల్చే పరికరం తాకింది, గుప్పున పొగ లేచింది. పొగ విడేసరికి ఓ చుక్క పక్కింటికి కాపురం మార్చేసింది.

"అదేంటే, అలా వెళ్లిపోయింది?"

"జారిపోయింది నాన్నా. పొగలో కంప్యూటరుకి కనబడదు. పైగా అక్కడంతా నున్నగా ఉంది. ఓ మచ్చో నరమో ఉంటే గుర్తుపట్టేది."

"మరి నా లోపల మచ్చలున్నాయా?"

"నీకు ఆపరేషన్ చేసేది డాక్టరు నాన్నా, ఇది కాదు. నువ్వొప్పుకుంటే ఆ వీడియో తర్వాత మాకిస్తారు, అంతే."

నా చెవులు విన్నాయి. నా భయం వినలేదు.

ఆపరేషన్ రోజు పొద్దున్నే అద్దం ముందు చొక్కా విప్పి, చెరగని ఇంకు పెన్నుతో పొట్ట నిండా చుక్కలు పెట్టుకున్నాను. మమ్మల్ని హాస్పిటల్‌కి తీసుకెళ్లడానికి మల్కాపురం నుంచి వచ్చిన మా బావమరిది గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏటి బావా, సేత్తన్నావ్? పొట్ట మీద ముగ్గేటి?"

"ముగ్గు కాదురా. లోపల దారి తప్పకుండా గుర్తులు."

"మరి కలపకుండా ఒగ్గీసావేటి? మా అక్కని పిలవమంటావా?"

నర్సు స్పిరిటు దూదితో ఎంత తోమినా అవి పోలేదు. సర్జను వంగి చూశాడు.

"ఏంటండీ ఇవి?"

"మీ కెమెరా కోసం డాక్టరుగారూ."

"కెమెరా లోపలికెళ్తుందండీ. మీ చుక్కలు బయటున్నాయి."

ఆ సంగతి అప్పుడు తట్టింది. నవ్వుదామనుకునేలోపు మత్తెక్కింది.

కుట్లు ఇంకా చురుక్కుమంటుండగానే నా వీడియో అమ్మాయి దగ్గరికి చేరింది. పేరుండదట గానీ, కెమెరా లోపలికెళ్లే ముందు పొట్ట మీద నా ఇంకు చుక్కలు కనబడగానే పోల్చేసింది. ఇద్దరం కూర్చున్నాం. ఎన్ని కడుపులు చూసిన పిల్లో, పొగ లేవగానే నా మణికట్టు పట్టుకుంది. గోళ్లు దిగాయి.

"నేనిక్కడే ఉన్నానే."

"ఉండు నాన్నా," అంది తెర మీంచి కళ్లు తిప్పకుండా.

పొగ విడింది. నా కాలేయం మీద కంప్యూటరు ఆకుపచ్చ చుక్కలు ఒక్కొక్కటే తేలాయి. ఒకటి మాత్రం రాలేదు. అమ్మాయి వీడియో ఆపి, నాకు నొప్పెడుతుందేమో అన్నంత మెల్లగా, దాన్ని తన చేత్తో మళ్లీ ముందున్న చోటే పెట్టింది.