మోరీ పక్కన కుర్చీ

పాలన ప్రజల దగ్గరికే వస్తుందంటూ ఆఫీసర్లు గల్లీల్లో సభలు పెట్టిన ఏడాది, నేను అశోక్‌నగర్‌లో కిరాయికి ఉండేవాణ్ణి. మా ఇంటి ఓనరమ్మ దరఖాస్తు రాసింది లేదు, గొంతు పెంచింది లేదు. ఆమెకు తెలిసిందల్లా ఇంటికొచ్చినవాళ్లకు కుర్చీ వేయడం. మొదటి సభ రోజు ఆ కుర్చీని తెచ్చి, మురుగు పొంగుతున్న మోరీ పక్కనే వేసింది.

"కూసోండ్రి సార్, చాయ్ తెస్త."

పెద్దావిడ మర్యాదను కాదనలేక ఆఫీసర్ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. చాయ్ ఎంతకీ రాదు.

"జర ఆగుండ్రి సార్, మరుగుతున్నది," అని లోపలినుంచి గొంతు మాత్రం వస్తోంది.

వారం తిరగకుండా మోరీ బాగయింది.

మళ్లీ సభకు వచ్చిన ఆఫీసర్, కుర్చీ ఎత్తుకొస్తున్న ఆమెను చూసి దండం పెట్టాడు.

"ఈసారి ఎక్కడేస్తరమ్మా?"

ఆమె నవ్వి, నీళ్లు రాని నల్లా వైపు నడిచింది.