ప్లాస్టరు లేని డబ్బా

ఇది రాయకూడదనే అనుకున్నాను. పోయిన నెల మా ఎక్స్‌రే మాస్టారు పోయారు. నాలుగు మాటలు రాసిమ్మని ఆయన కూతురు రెండుసార్లు ఫోను చేసింది. "పాత సంగతులన్నీ మీకే కదండీ తెలుసు" అంది. తెలుసు కాబట్టే రాయబుద్ధి కాలేదు. అయిదో తరగతిలో బడి మానేసి, పకోడీలు కట్టిన కాగితాలు చదువుతూ అక్షరాలు కాపాడుకున్నవాణ్ణి, నాకు రాయడం కష్టమమ్మా అని తప్పించుకోవచ్చు. అది అబద్ధం. కష్టం రాయడంలో లేదు.

డెబ్బయిల్లో పటమటలో ఒక ఆసుపత్రి ఎదురుగా నాకు సైకిలు షాపు ఉండేది. ఆయన ఆ ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసేవారు. ఓ పూట తెగిన రబ్బరు బెల్టు ఒకటి పట్టుకొచ్చి, "ఇలాంటిది చెయ్యగలవటోయ్?" అన్నారు.

"ఏ బండిదండీ?"

"బండిది కాదు. సినిమా వేసే మిషనుది."

పాత ట్యూబు సన్నగా కోసి, అతికించి ఇచ్చాను. ఆ ఆదివారం నన్ను ఎక్స్‌రే గదిలో కూర్చోబెట్టి, పట్టపగలే తలుపులు మూసి, గోడ మీద తను తీసిన బొమ్మలు వేశారు. వాళ్ళావిడ చీర ఆరేస్తోంది. ఎవరో నవ్వించినట్టున్నారు, క్లిప్పు పళ్ళమధ్య పెట్టుకుని నవ్వుతోంది. అంతే. హాళ్ళలో హీరోలు మేడల మీంచి దూకడం చాలా చూశాను గానీ, రోజూ మా షాపు ముందునుంచి కూరలు తీసుకెళ్ళే మనిషి గోడ మీద నవ్వడం అదే మొదటిసారి చూడటం. ముప్పై ఏళ్ళవాణ్ణి, ఇద్దరు పిల్లల తండ్రిని, ఆ రోజునుంచి ఆయన కెమెరా సంచీ మోసే పని నెత్తినేసుకున్నాను.

అప్పట్లో ఆ ఫిల్ము మన బజారులో దొరికేది కాదు. ఓడ మీద పనిచేసే ఆయన బామ్మర్ది మద్రాసులో దిగినప్పుడల్లా రెండో మూడో డబ్బాలు పంపేవాడు. జర్దా డబ్బా అంత డబ్బా. ఒక పక్క తీశాక చుట్ట తిరగేసి రెండో పక్క తియ్యాలి. మొత్తం కలిపి నాలుగు నిమిషాల బొమ్మ. వెలుతురు కొలిచే మీటరు ఆయనకి లేదు. అరచెయ్యి ఎండకి పట్టి, దానివైపు చూసి ఓ అంకె చెప్పేవారు. కెమెరా కన్ను ఎంత తెరవాలో ఆ అంకె. పదహారంటే మాడ్చే ఎండ, నాలుగంటే మబ్బు. కెమెరా చేతిలో లేకపోయినా అంకెలు మానేవారు కాదు. గన్నవరంలో ఒక పెళ్ళికి వెళితే, విస్తరి మీద చెయ్యి చాపి "అయిదున్నర" అన్నారు. గారెలు వడ్డించేవాడు ఆ అర గారె ఎలా వెయ్యాలో తెలీక గరిటె పట్టుకుని నిలబడిపోయాడు.

"ఫిల్ము వెలుతురు ఒక్కసారే తాగాలోయ్. రెండోసారి పోశామా, కక్కేస్తుంది" అనేవారు. తీసిన చుట్టకీ తియ్యని చుట్టకీ పైకి తేడా తెలీదు. అందుకని తీసిన డబ్బా మీద ఆసుపత్రి ప్లాస్టరు ముక్క అంటించి, అందులో ఏముందో సిరాతో రాసేవారు. ప్లాస్టరు లేని డబ్బా అంటే కొత్తది. అదొక్కటే నన్ను గుర్తుపెట్టుకోమన్నది.

ఆసుపత్రిలో మరియమ్మ అని ఆయా ఉండేది. కంకిపాడు అవతల చిన్న ఊరు వాళ్ళది. ఒక్కతే కూతురు, సుగుణ. పోలియో. కాళ్ళకి ఆపరేషను చేసి, ఇనప కమ్మీలు కట్టి, ఏడాది తంటాలు పడితే ఏడో ఏట ఆ పిల్ల ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఆసుపత్రి ఆవరణలో నడిచింది. మాస్టారు ఒక డబ్బా మొత్తం, రెండు పక్కలా, ఆ నడకకే ఖర్చుపెట్టారు. ప్లాస్టరు మీద "సుగుణ నడక" అని రాశారు.

ఫిల్ము ఆయనే కడిగేవారు, ఆసుపత్రి చీకటిగదిలో, ఎక్స్‌రే మందు పాతబడి పారబొయ్యబోయే రోజున. ఆ రోజు వచ్చేదాకా డబ్బాలు సంచీలో ఉండేవి.

"అయ్యగారూ, మా పిల్ల నడక ఎప్పుడు చూపిత్తారండీ?"

"ఈ వారం కడిగేస్తా మరియమ్మా."

మూడు వారాలు అదే మాట. నాలుగో వారం పిల్లకి మెదడువాపు జ్వరం వచ్చింది. నాలుగు రోజుల్లో పోయింది.

మట్టి చెయ్యడానికి బస్సులో వెళ్ళాం. సంచీ ఎప్పటిలాగే నా ఒళ్ళో ఉంది, లోపల రెండు డబ్బాలు: ఒకటి సుగుణది, ఒకటి కొత్తది. కిటికీ రేకు కోసుకుని నా బొటనవేలు చీరుకుపోయింది. రక్తం ఆగలేదు. గుడ్డపేలిక కోసం సంచీలో తడుముతుంటే ప్లాస్టరు తగిలింది. పీకి వేలికి చుట్టేశాను. దిగాక డబ్బాకి ఇంకో గుర్తు పెడదాం లెమ్మనుకున్నాను. దిగేసరికి ఏడుపులు. మర్చిపోయాను.

ఆయనకి తీసే ఉద్దేశం లేదు. కానీ క్రైస్తవుల్లో, మాస్టారి వాళ్ళలో కూడా, శవపెట్టె చుట్టూ అయినవాళ్ళంతా నిలబడి ఫొటో తీయించుకోవడం ఆనవాయితీ. రావలసిన ఫొటోగ్రాఫరు రాలేదు. పిల్ల మేనమామ మాస్టారి దగ్గరికొచ్చి, "ఏవండీ, నడిస్తే తీశారు, పోతే తియ్యరా?" అన్నాడు.

"తియ్యండయ్యగారూ. నా దగ్గర ఇంకేం ఉందండీ" అంది మరియమ్మ.

ఆయన అరచెయ్యి చాపి చూసుకున్నారు. "పదకొండు." తర్వాత అదే చెయ్యి వెనక్కి చాపారు. "డబ్బా ఇయ్యి. ప్లాస్టరు లేనిది."

సంచీలో చూశాను. దేనికీ ప్లాస్టరు లేదు.

ఆగండి మాస్టారూ అంటే సరిపోయేది. పాస్టరుగారు ప్రార్థన ముగించబోతున్నారు. నలుగురు తాళ్ళు పట్టుకున్నారు. చేతికి వచ్చింది ఇచ్చాను.

తిరుగు బస్సులో నా పక్కన కూర్చున్నారు. నా వేలివైపు చూశారు. ప్లాస్టరు మీద ఆయన రాత, "సుగుణ న" దాకా కనపడుతోంది, మిగతాది మడతలో ఉంది. చాలాసేపు చూశారు.

"నీళ్ళు తగలనీకు" అన్నారు.

మర్నాడే రెండూ కడిగారు. ఒకటి ఉత్తది. రెండో దాంట్లో ఉన్నాయి, నడకా మట్టీ రెండూ. మరియమ్మని ఎక్స్‌రే గదికి పిలిచి, దీపం వెయ్యకముందే చెప్పారు.

"పొరపాటైపోయింది మరియమ్మా. నేను గుర్తు పెట్టడం మర్చిపోయాను. నడక మీద ఇది పడిపోయింది."

నేను పక్కనే ఉన్నాను. బొటనవేలు గుప్పిట్లో ఉంది.

చీకటి ఉన్నచోట రెండో బొమ్మ నిలుస్తుంది, తెలుపు ఉన్నచోట మాడిపోతుంది. పైన నల్లగొడుగులు, జనం. వాటిలో సుగుణ మొహం, రిబ్బను తేలుతున్నాయి. కింద పెట్టె మీద కప్పిన తెల్లగుడ్డ. దాని వెనక ఏమీ లేదు.

"మొహం నాకు గుర్తుందండీ. కాళ్ళే చూద్దామనుకున్నాను" అంది మరియమ్మ.

ఆఖర్న పెట్టె గోతిలోకి దిగింది. తెలుపు పోయి కింద నలుపు పరుచుకుంది. అందులో రెండు చిన్నపాదాలు, ఇనప కమ్మీలతో. రెండడుగులు వేశాయి. ఫిల్ము అయిపోయి గోడ తెల్లబడింది.

"ఆపండయ్యగారూ! అక్కడ ఆపండి!"

"ఆపితే దీపం వేడికి కాలిపోతుందమ్మా."

"అయితే మళ్ళీ వెయ్యండి."

వేశారు. మళ్ళీ వేశారు. ఎన్నిసార్లో తెలీదు, నేను చేసిన బెల్టు తెగేదాకా వేశారు. షాపుకి పరిగెత్తి ఇంకోటి కోసి తెచ్చేసరికి మరియమ్మ లేదు. వార్డులో డ్యూటీ అట.

ఆ తర్వాత మాస్టారు ప్లాస్టరు మానేసి, తీసిన డబ్బాలకి దారం కట్టి రెండు ముడులు వేసేవారు. ఎందుకని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు. మరియమ్మ కూడా ఎప్పుడో పోయింది, ఆ పొరపాటు మాస్టారిదనుకునే.

పోయిన నెల ఆసుపత్రిలో ఆయన్ని చూడబోయాను, ఈసారైనా చెప్పేద్దామని. కిటికీవైపు అరచెయ్యి ఎత్తి ఉన్నారు.

"ఎంతుందోయ్?"

"అయిదున్నర ఉంటుందండి."

"నీ మొహం. నాలుగు."

"మాస్టారూ, ఆ డబ్బా..." అంటుండగానే నర్సు వచ్చి, సెలైను సూది జారకుండా ఆయన చేతికి ప్లాస్టరు వేసింది. ఆయన దానివైపు చూసి, నావైపు చూశారు.

"దీని మీద పేరు రాయించవోయ్" అన్నారు. "లేకపోతే వీళ్ళు నన్ను కొత్తవాణ్ణనుకుని మళ్ళీ వాడేస్తారు."

నర్సు నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఎల్లుండి వస్తానని చెప్పి వచ్చేశాను. ఎల్లుండి తెల్లారేసరికి ఆయన లేరు.

అమ్మా, రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. మీ నాన్నగారు గుర్తు పెట్టడం మర్చిపోలేదు.

సమాధుల దొడ్లో మాస్టారి పెట్టె చుట్టూ అందరం నిలబడ్డాం. మబ్బు పట్టి ఉంది. సెల్‌ఫోను పట్టుకున్నాయన వెలుతురు చాలట్లేదని గొణుక్కుంటున్నాడు. నేను అరచెయ్యి చాపి చూశాను. "నాలుగు" అన్నాను. ఎవరూ పట్టించుకోలేదు. ఫొటో తీశారు. పెట్టె దించారు. నేను బస్సెక్కి పటమట వచ్చేశాను.