మా ఆయన వేసిన తాళం

మా ఆయన్ని ఫ్యాక్టరీలో అందరూ చాదస్తం మేస్త్రి అంటారు. చాటుగా కాదు, మొహం మీదే. ఆయన పట్టించుకోడు. చేతులు కడుక్కున్నాక కుళాయిని కూడా కడిగే మనిషి. కంచం కింద నీళ్ల మరక కనిపిస్తే భోజనానికి కూర్చోడు, ముందు గుడ్డ తెమ్మంటాడు. పెళ్లయిన కొత్తలో నన్ను కూడా అలాగే ఎగాదిగా చూసేవాడు, ఎక్కడైనా మరక ఉందేమోనని.

మాది ప్లాస్టిక్ పైపులు చేసే ఫ్యాక్టరీ. ఆయన ఎలక్ట్రీషియన్, నేను ప్యాకింగులో. పెద్ద మిషన్ నడిపేది మా తమ్ముడు. కరెంటు పోయిందంటే ఆ మిషన్ కడుపులో కరిగిన ప్లాస్టిక్ అంతా గడ్డ కడుతుంది. ఇక అందరూ ఉలులూ సుత్తులూ పట్టుకుని దాన్ని పెళ్లగించాల్సిందే. వెంట్రుకలు కాలిన కంపు. తలంటుకున్నా వదలదు, మంచినీళ్లు తాగినా నోట్లో అదే రుచి. ఆ కంపుకు భయపడి మా వాళ్లు ఏ గడ్డి కరవడానికైనా సిద్ధపడతారు. ఇది నేను ఊరికే అనడం లేదు.

ప్యానెల్ గదిలో ఆ మిషన్‌కు కరెంటు ఇచ్చే బ్రేకర్ ఉంది. ఇనపబీరువాలో సగం ఉంటుంది. దాని ముందు వైపు అరచేతిలో పట్టేంత డబ్బా ఒకటి, అక్షరాలు కనిపించే చిన్న అద్దం, దీపాలు, తిప్పే బిళ్లలు. ట్రిప్ యూనిట్ అంటారు. దాని గురించి మా ఆయన నాకు సినిమా హాల్లో కూర్చుని కూడా చెప్పాడు.

"బ్రేకర్ ఒళ్లయితే ఇది బుర్ర. కరెంటు ఎంత పోతోందో రెప్ప వెయ్యకుండా చూస్తుంటుంది. కాస్త ఎక్కువైతే కాసేపు ఓపిక పడుతుంది, మోటారు మొదలయ్యేటప్పుడు ఎక్కువ లాగడం మామూలే కదా. ఎంతకీ తగ్గకపోతే బ్రేకర్‌ని పడగొట్టి కరెంటు ఆపేస్తుంది. బాగా ఎక్కువైతే అంత ఓపిక కూడా పట్టదు. తీగా తీగా కలిసిందనుకో, ఇక ఆగే ప్రసక్తే లేదు. ఎందుకు పడగొట్టానో కూడా చెబుతుంది, చూడ్డానికి మనకి కళ్లుండాలి."

"కథ అక్కడ నడుస్తోందండీ," అని నేను తెర చూపించాను.

ఆ డబ్బా మీద ముఖ్యమైన బిళ్లలు రెండు. ఎంత కరెంటు దాటితే పడగొట్టాలో ఒకటి చెబుతుంది, ఎంతసేపు ఆగి పడగొట్టాలో ఇంకొకటి. మా వాళ్లు స్క్రూడ్రైవర్‌తో ఆ రెండింటినీ చివరిదాకా తిప్పేసి ఉంచుతారు. అంటే కళ్లు మూసుకో, నోరు మూసుకో అని దానికి చెప్పడం. అప్పటికీ బ్రేకర్ పడిందనుకోండి, ఎందుకు పడిందని ఒక్కడూ చూడడు. ప్లాస్టిక్ గడ్డ కట్టేలోపు పరిగెత్తి మళ్లీ వేసేస్తారు. ఎవడు ముందు వేస్తే వాడు మొనగాడు. మా తమ్ముణ్ణి అందుకే మెరుపు అని పిలుస్తారు. వాడు వేసి వచ్చాడంటే వీపు తట్టనివాడు ఉండడు. మా అమ్మ అయితే ఇరుగుపొరుగు అందరికీ చెప్పుకుని మురిసిపోతుంది.

మా ఆయన రోజూ పొద్దున్నే ఆ బిళ్లల్ని సరైన చోటుకు తిప్పి, మూత వేసి, వైరుతో సీలు బిగించేవాడు. మధ్యాహ్నానికి ఆ సీలు చెత్తబుట్టలో ఉండేది. అద్దం నిండా జిడ్డు వేలిముద్రలు. ఆయన తన జేబురుమాలు తీసి తుడిచేవాడు. ఆ రుమాలు ఉతికేది నేను కాబట్టి ఎంత రోతగా ఉండేదో నాకు తెలుసు.

"అది ఊరికే పడిపోతోంది బావా. ఉత్త పిరికిది," అనేవాడు మా తమ్ముడు.

"పిరికిది కాదురా. దానికి కనబడుతోంది, నీకు కనబడట్లేదు," అనేవాడు మా ఆయన. అందరూ నవ్వేవారు. నేనూ ఒకటి రెండుసార్లు నవ్వాను, తమ్ముడి ముచ్చట కదా అని.

ఆ రోజు బ్రేకర్ పడినప్పుడు మా ఆయన దాని ముందే ఉన్నాడు. అప్పుడే బిళ్లలు తిప్పి మూత వేస్తున్నాడు. మెరుపు పరిగెత్తుకుంటూ వచ్చేసరికి ఆయన అద్దంలో చదివేశాడు. షార్ట్ సర్క్యూట్. మిషన్‌కు వెళ్లే కేబుల్ నేల కింద మనిషి దిగేంత కాలవలో ఉంటుంది. మిషన్ కడిగిన నీళ్లూ నూనే అందులోకే దిగుతాయి. కేబుల్ అక్కడెక్కడో చివికిపోయి ఉంటుందన్నాడు. బ్రేకర్‌కు తాళం వేసి, 'మనిషి పనిలో ఉన్నాడు' అన్న బోర్డు తగిలించి, తాళంచెవి చొక్కా జేబులో వేసుకున్నాడు.

"నేను కాలవలోకి దిగుతున్నా. పైకొచ్చేదాకా దీని జోలికి రాకు," అని మా తమ్ముడి కళ్లలోకి చూసి చెప్పాడు.

"సరే బావా," అన్నాడు వాడు. గుమ్మంలో నిలబడి రెండు మాటలూ నేను నా చెవులతో విన్నాను.

దిగే ముందు మా ఆయన బ్రేకర్ వెనక్కి వెళ్లి, కరెంటు లేదని పరీక్ష చేసుకుని, కేబుల్ మొదట్లోనే మూడు తీగలనూ కలిపి ఒక పట్టీతో ఎర్త్‌కు బిగించాడు. పొరపాటున ఎవరైనా బ్రేకర్ వేసినా కరెంటు అక్కడే తగులుకుని, ఆ డబ్బా వెంటనే పడగొట్టాలని. తాళం వేసిన దానికి మళ్లీ ఇదేం చాదస్తం అనిపించింది నాకు.

మిషన్‌లో ప్లాస్టిక్ గట్టిపడుతోంది. సూపర్‌వైజర్ కాలుకాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. "చాదస్తం దిగాడుగా, ఇక ఇవాళ మనకి ఉలులే," అని ఎవరో అన్నారు. నేను మా ఆయనకు మంచినీళ్ల సీసా తీసుకుని బయలుదేరాను. ప్యానెల్ గదిలోంచి రంపం చప్పుడు వినిపిస్తోంది, అంతలోనే ఆగిపోయింది. లోపలికి తొంగి చూశాను. తాళం రెండు ముక్కలై నేల మీద పడి ఉంది. దాని పక్కనే బోర్డు, బోర్లా. మా తమ్ముడు బ్రేకర్ మళ్లీ వెయ్యడానికి దాని హ్యాండిల్ గబగబా కొడుతున్నాడు.

"ఒరేయ్, బావ లోపలున్నాడ్రా!" అని అరిచాను.

వాడు మీట నొక్కేశాడు.

పెద్ద చప్పుడు. నేల అదిరింది. ఆ వెంటనే బ్రేకర్ పడిపోయింది. మా తమ్ముడి నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "ఛ! నిలబడలేదు."

గుమ్మంలోంచి సూపర్‌వైజర్ అన్నాడు: "ఇంకోసారి వెయ్యరా. ఒక్కోసారి రెండోసారికి నిలబడుతుంది."

వాడి చెయ్యి మళ్లీ హ్యాండిల్ మీదికి వెళ్లింది. నేను ఆ చెయ్యి పట్టుకుని కొరికాను. నెత్తురు వచ్చేదాకా కొరికాను. జిడ్డు, ప్లాస్టిక్ కంపు, మా తమ్ముడి చెమట. ఉమ్మేసినా పోలేదు. నా తోడబుట్టినవాడి మీద అంత అసహ్యం పుడుతుందని నేనెప్పుడూ అనుకోలేదు.

"ఏవండీ!" అని గది మూలనున్న మెట్ల మీంచి కాలవలోకి కేక వేశాను.

"బతికే ఉన్నా. ఎవడే అది?"

పైకి వచ్చాడు. మోకాళ్లదాకా నల్లటి మురికి. ఆ మురికి కూడా తుడుచుకోకుండా నేరుగా డబ్బా దగ్గరికి వెళ్లి అద్దం చదివాడు. "వెంటనే పడగొట్టింది. పొద్దున్న నేనిది వెనక్కి తిప్పకపోయుంటే ఎర్త్ పట్టీ కాలి ఊడేదాకా లాగేది. ఆ తర్వాత కరెంటు నేరుగా నా చేతిలోకే..." అని ఆపేశాడు.

"నువ్వు పైకొచ్చేసుంటావనుకున్నా బావా," అన్నాడు మా తమ్ముడు. వాడు నిలబడింది ఆ బోర్డు మీదే.

ఈలోగా జనం పోగయ్యారు. ఎవరి చుట్టూ? మా తమ్ముడి చుట్టూ. ఒకడు మందుల పెట్టె తెచ్చాడు, ఒకడు దూది అద్దాడు, ఇంకొకడు ఉఫ్ ఉఫ్ అని ఊదాడు. "అక్క కాదురా బాబూ, రాక్షసి," అన్నారు. మా ఆయన పక్కనే గోడకు ఆనుకుని నిలబడి ఉంటే, దెబ్బ తగిలిందా అని అడిగిన పాపాన పోలేదు ఒక్కడూ. అప్పుడే ఎవరు చేరవేశారో, మా అమ్మ ఫోన్ చేసింది. "తోడబుట్టినవాడి చెయ్యి కొరుకుతావుటే? అది వాడు అన్నం తినే చెయ్యేనా?" అంది. అల్లుడి మాట ఎత్తలేదు. ఫోన్ కట్టేశాను. వీళ్లందరితో కలిసి నేనూ నవ్వాను కదా అని నా మీద నాకే రోత పుట్టింది.

మా ఆయన నీళ్లు తాగి, కొత్త తాళం వేసి, ఎర్త్ పట్టీ మళ్లీ చూసుకుని కాలవలోకి దిగాడు. పని సగంలో ఉందన్నాడు. నేను స్టూలు లాక్కుని బ్రేకర్‌కు వీపు ఆనించి కూర్చున్నాను. సూపర్‌వైజర్ ఒకసారి వచ్చి చూశాడు. నేనూ చూశాను. వెళ్లిపోయాడు.

కాసేపటికి మా తమ్ముడు వచ్చాడు, చేతికి కట్టుతో. గుమ్మంలోనే నిలబడి కాలితో నేల రాస్తున్నాడు. క్షమించమంటాడేమో అనుకున్నాను. నిజం చెప్పాలంటే, అంటే బాగుండునని ఎదురుచూశాను.

"అక్కా," అన్నాడు, "ఇంకెంతసేపు పడుతుంది?"

నేను జవాబు చెప్పేలోపే కాలవలోంచి మా ఆయన గొంతు వినిపించింది.

"ఎవరక్కడ?"

"నేనేనండీ."

"ఇంకెవరున్నారు?"

"మా తమ్ముడు."

కింద పనిముట్ల చప్పుడు ఆగిపోయింది.

"అయితే నేను పైకొచ్చేస్తున్నా. వాడు వెళ్లాక చెప్పు, మళ్లీ దిగుతా."

మా తమ్ముడు విన్నాడు. వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. కట్టు కట్టిన చేతిని జేబులో దూర్చుకుని వెనక్కి తిరిగాడు. "వెళ్లాడండీ" అని నేను కేక వేసేదాకా మా ఆయన కాలవ మెట్ల మీదే నిలబడి ఉన్నాడు.